ఆగిన తుమ్ము

టైలరమ్మ ఇంట్లో దేవుడి మాట అంటే తుమ్మే. ఇది ఆవిడ పెట్టిన చట్టం కాదు, వాళ్ళ అమ్మమ్మ దగ్గర్నుంచి పాత చీరలతో పాటు వచ్చిన ఆస్తి. గడప దాటబోతుంటే ఒంటి తుమ్ము వినిపించిందా, స్వామి ఆగమన్నట్టు. వెనక్కి వచ్చి, కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచీ బయల్దేరాలి. జంట తుమ్మయితే ఫర్వాలేదు, స్వామి సరేనన్నట్టు. అసలు తుమ్మే వినిపించకపోతే ఇక చెప్పేదేముంది, సాక్షాత్తూ ఆయనే చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు. ఈ పద్ధతిలోనే ఆవిడ జాకెట్ల కొట్టు పెట్టింది, మిషన్ కొన్నది, ఒకసారి సొంత పినతండ్రి కూతురి పెళ్ళికి భోజనాలు కూడా అయిపోయాక వెళ్ళి, ఖాళీ పందిట్లో అక్షింతలు వేసి వచ్చింది.

ఇలాంటి మనిషికి దేవుడు ఎలాంటి మొగుణ్ణిచ్చాడయ్యా అంటే, తుమ్ముల మేస్త్రిని. ఆయన వడ్రంగి. చేతికి చెక్క అంటే ప్రాణం, ముక్కుకు రంపప్పొట్టు అంటే పడి చావదు. పెళ్ళిలో రెండో ముడికీ మూడో ముడికీ మధ్య తుమ్మితే, పెళ్ళికూతురు పీటల మీద నుంచి లేవబోయింది. నలుగురూ పట్టుకుని కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, మూడో ముడి వేయించారు. అప్పట్నుంచీ ఆ కాపురంలో తరచుగా వినపడే మాట ఒకటుంది. ఆవిడ చెప్పుల్లో ఒక కాలు పెట్టి, ఒక కాలు గాల్లో ఉంచి, "ఇంకోటి తుమ్మండి, మీకు పుణ్యం ఉంటుంది!" అని అరిచేది. ఆయన పాపం సూర్యుడి కేసి చూస్తూ, ముక్కులో దారప్పోగు తిప్పుకుంటూ, రెండోదాని కోసం నానా యాతనా పడేవాడు. అవసరమైనప్పుడు అది మాత్రం వచ్చేది కాదు.

ఆ మేస్త్రికి ఒకరోజు పరదేశం నుంచి పిలుపు వచ్చింది. ఆయన ఎప్పుడో చెక్కిన గుమ్మం ఫొటో ఒకటి చేతులు మారి చేతులు మారి, ఎక్కడో సముద్రాల అవతల చెక్క సామాను చేసే కార్ఖానా యజమాని కంట్లో పడింది. ఈ మనిషి కావాలి అన్నాడాయన. మనిషినీ, మనిషి భార్యనీ తీసుకొస్తాం, ఉండటానికి వాటా ఇస్తాం అన్నాడు. ఇక్కడేమో మేస్త్రికి పనులు ఎండిపోయాయి. జనమంతా అట్టపెట్టెలో వచ్చే బల్లలూ, రేకుల్లాంటి తలుపులూ కొనుక్కుంటున్నారు. ఆ తలుపులకు మరలు బిగించడానికి మాత్రం ఈయన్ని పిలిచేవాళ్ళు. టైలరమ్మ సంగతి అలా కాదు. ఆవిడ కొట్టు ముందు ఎప్పుడూ నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉండేవాళ్ళు. ఆవిడ చెయ్యి పడితే జాకెట్టు ఒంటికి అంటుకుపోయినట్టు కుదురుతుందని పేరు.

"ఏం చేద్దామంటావ్?" అని మేస్త్రి ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు. తనకేం కావాలో చెప్పలేదు. ఆయన నోరు తుమ్మడానికి తప్ప ఎక్కువగా తెరుచుకోదు.

"నేననేదేముంది? స్వామి ఏమంటే అదే" అంది ఆవిడ. మర్నాడు పొద్దున్నే తల స్నానం చేసి, పటం ముందు నిలబడి, గట్టిగా, ఇల్లంతా వినపడేలా చెప్పింది. "స్వామీ, ఇప్పుడు దీపం పెడతాను. పెట్టి, గడప దాటి, వీధి అరుగు మీద నిలబడి ఆ పరదేశం ఆయనకి ఫోన్ చేసి వస్తున్నామని చెప్తాను. ఈలోగా నా చెవిన ఒక్క ఒంటి తుమ్ము పడిందా, ప్రయాణం లేదు. నీ దయ."

చూడండి మరి, ఎవరి ఇంట్లో పెట్టింది ఆ పందెం! తుమ్ముల మేస్త్రి ఇంట్లో. అది చాలదన్నట్టు ఆ పొద్దున తెల్లారకముందే వంటింట్లో రోకలి చప్పుడు కూడా వినపడింది. ఆ రోకలి సంగతి ఇప్పుడెందుకు, దాని సమయం వచ్చినప్పుడు చెప్పుకుందాం. ఆవిడ దీపం పెట్టింది. తుమ్ము లేదు. కావాలని ఒత్తి రెండుసార్లు సరిచేసింది. తుమ్ము లేదు. గడప మీద ఆగింది, పమిట సర్దుకుంది, చెవులు రిక్కించింది. పెరట్లో కాకి అరిచింది గానీ తుమ్ము మాత్రం లేదు. ఫోన్ చేస్తుంటే ఆవిడ ఒళ్ళు జలదరించింది. ఆ ఇంట్లో అంతసేపు తుమ్ము లేకపోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఇంతకంటే స్వామి ఏం చెప్పాలి? కొట్టు తాళం పక్కకొట్టు అమ్మాయి చేతిలో పెట్టేటప్పుడు ఆవిడ కంట్లో తడి కూడా రాలేదు. స్వామి రమ్మన్నాడు, వెళ్తున్నాను, అంతే.

వాళ్ళు ఆ పరదేశంలో దిగింది చలికాలంలో. వీధిలో మనుషులు ముక్కులు కప్పుకుని గబగబా నడిచేవాళ్ళు, కిటికీలన్నీ బిగించి ఉండేవి. ఒక్క తుమ్ము వినపడితే ఒట్టు. మేస్త్రి కూడా కార్ఖానాలో తుమ్మాల్సినవన్నీ తుమ్మేసి ఖాళీగా ఇంటికి వచ్చేవాడు. "చూశారా, స్వామి ఎంత సంతోషంగా ఉన్నాడో" అనేది టైలరమ్మ, కిటికీ దగ్గర చేతులు ముడుచుకుని కూర్చుని. స్వామి సంతోషంగానే ఉన్నాడేమో గానీ ఆవిడకు పొద్దు గడిచేది కాదు. కత్తెర పట్టని చెయ్యి రోజంతా చీర కొంగు మడతపెడుతూ, విప్పుతూ ఉండేది. మేస్త్రి అది చూసి, "ఎండలు ముదిరేలోపు నీకు ఇక్కడ ఏదీ కుదరకపోతే వెళ్ళిపోదాంలే" అన్నాడు. అన్నాక మొహం తిప్పుకుని చాలాసేపు ఉలి తుడుచుకున్నాడు.

చలి తగ్గింది. వీధి పొడుగునా ఉన్న చెట్లు పూశాయి. ఆ చెట్లు కాస్త మర్యాదగా పూస్తే ఏం పోయేది? పసుపు జల్లినట్టు పుప్పొడి రాలి కార్ల మీద, కిటికీల మీద, జనం ముక్కుల్లో పడింది. ఇక చూసుకోండి. పాలవాడు తుమ్మాడు, బస్సు డ్రైవరు తుమ్మాడు, కుక్కను పట్టుకెళ్ళే ఆవిడ తుమ్మింది, కుక్క కూడా తుమ్మింది. ఊరంతా ఒక పెద్ద ముక్కయిపోయింది. అందరిలోకీ మొనగాడు పైవాటా పెద్దాయన. రైళ్ళు నడిపి రిటైరైన మనిషి, ఒంటరివాడు, మనసారా నవ్వుతాడు. ఆయన తుమ్మితే కింద వీళ్ళ గిన్నెలు గలగలలాడేవి. టైలరమ్మ ఆయనకు ఫిరంగి అని పేరు పెట్టింది.

ఆ ఫిరంగి కోటు లోపలి గుడ్డ చినిగి వేలాడుతుంటే ఆవిడ ప్రాణం ఒప్పలేదు. ఒకరోజు మెట్ల మీద ఆయన్ని ఆపి, సైగలతోనే కోటు విప్పించి లాక్కుంది. ఊరి నుంచి తెచ్చుకున్న సూదితో కూర్చుని, కుట్టు ఎక్కడుందో కనపడకుండా కుట్టి ఇచ్చింది. ఫిరంగి ఆ కోటు లోపలి వైపు పైకి తిప్పుకుని వీధంతా చూపించుకు తిరిగినట్టున్నాడు. మర్నాడు వీధి మూలమీద పెళ్ళిబట్టలు సరిచేసే షాపావిడ స్వయంగా మెట్లెక్కి వచ్చింది. పొట్టిగా, మెడలో టేపు వేసుకుని, కళ్ళద్దాలు తలమీద పెట్టుకుని ఉంది. కోటు చూసింది, టైలరమ్మ వేళ్ళు చూసింది, ఫోన్‌తో ఏదో చెప్పింది. ఫోన్ తెలుగులో, వార్తలు చదివినట్టు, "మహోదయా, రేపు ఉదయం విచ్చేయండి. మీ పని ప్రదర్శించండి. నచ్చినచో ఉద్యోగం కలదు" అంది.

టైలరమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మర్నాడు దీపం పెట్టి, మంచి చీర కట్టి, గడప మీద కాలు పెట్టిందో లేదో పైన ఫిరంగి పేలింది. ఒక్కటే. వెనక్కి వచ్చింది, కూర్చుంది, నీళ్ళు తాగింది. మళ్ళీ లేచి కింది మెట్టు దాకా వెళ్ళింది. కుక్క ఆవిడ తుమ్మింది. మళ్ళీ పైకి, మళ్ళీ నీళ్ళు. వీధి గుమ్మం దాటింది కదా గండం గడిచిందనుకుంటే పోస్టు మనిషి వరసపెట్టి తుమ్మాడు. అవి సరి సంఖ్యా బేసి సంఖ్యా అని నిలబడి లెక్కపెడుతుంటే మధ్యలో లారీ వచ్చి లెక్క తప్పింది. అనుమానంతో అడుగేయడం ఎందుకని మళ్ళీ పైకి వచ్చింది. మధ్యాహ్నానికి పొట్ట నీళ్ళ బిందె అయి, అడుగేస్తే లోపల తొణికింది గానీ షాపు మొహం మాత్రం చూడలేదు.

షాపావిడ ఏమనుకుందో, మళ్ళీ ఒకసారి కబురు చేసింది. ఈసారి టైలరమ్మ చెవుల్లో దూది కుక్కుకుంది. వినపడకపోతే గుర్తే కాదు కదా, ఆవిడ ధర్మశాస్త్రం ప్రకారం. రోడ్డు దాటబోతుంటే ఎదురుగా ఒకాయన నోరు తెరిచి, కళ్ళు మూసి, వంగి, అదిరిపడ్డాడు. చప్పుడు లేదు, అంతా కళ్ళకు కట్టినట్టు కనపడింది. కనిపించిన తుమ్ము లెక్కలోకి వస్తుందా రాదా? అమ్మమ్మ ఈ సంగతి చెప్పకుండానే పోయింది. టైలరమ్మ రోడ్డు మధ్య నిలబడి ఆలోచిస్తుంటే రెండు కార్లు హారన్లు కొట్టాయి, దూది వల్ల అవీ వినపడలేదు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఇంటికొచ్చి పడింది.

మేస్త్రికి ఇది చెప్తే నవ్వడానికి భయపడి మీసం సర్దుకున్నాడు. "మా కార్ఖానాలో నేను తుమ్మితే నాలుగు మూలల్నుంచీ అందరూ ఒకే మాట అంటారు. మొదట్లో తిడుతున్నారేమో అనుకున్నా" అన్నాడు.

"తిట్టరూ మరి? పనికి అడ్డు తుమ్ముతుంటే."

"తిట్టు కాదట. మా పెద్దమేస్త్రి నా నెత్తి మీద చెయ్యి పెట్టి చూపించాడు. దీవెనట. ఇక్కడ ఎవరు తుమ్మినా పక్కవాళ్ళు దీవించాలట."

"తుమ్మితే దీవెనా?" టైలరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఇదేం తలకిందుల దేశమండీ బాబూ! ఇక్కడ స్వామి ఏం చెప్పినా ఎవరికి అర్థమవుతుంది?"

మర్నాడు మధ్యాహ్నం షాపావిడ మళ్ళీ స్వయంగా మెట్లెక్కి వచ్చింది. ఈసారి నవ్వు లేదు. ఫోన్ అదే వార్తల గొంతుతో, "రేపు ఉదయం. ఇదే ఆఖరు. రానిచో వేరొకరు" అంది. ఆవిడ మెట్లు దిగిపోతున్న చప్పుడు వింటూ టైలరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఈ పని పోతే ఇక్కడ తనకు ఇంకో పని లేదు. తనకు పని లేకపోతే ఎండలు ముదిరేసరికి ఇద్దరూ వెనక్కి వెళ్ళాల్సిందే. ఆయన మాటిచ్చాడు, మాట తప్పే మనిషి కాదు. అలాగని స్వామి ఆగమంటుంటే ఎలా వెళ్తుంది? రమ్మని ఇంత దూరం తెచ్చినవాడు గుమ్మం దగ్గర ఇలా అడ్డం పడటమేమిటి? ఆవిడకు దిగులేసింది. దిగులేస్తే ఆవిడ వదినకు ఫోన్ చేస్తుంది. వదినంటే మేస్త్రి అక్క. మనిషి వెన్న, నోరు మాత్రం చిల్లు కుండ.

"వదినా, ఇక్కడ చెట్లకు కూడా జలుబే అనుకోండి. ఊరు ఊరంతా తుమ్మడమే. గడప దాటనివ్వడం లేదు స్వామి."

వదిన పగలబడి నవ్వింది. "అయితే ఈసారి ఊరందరి ముక్కులకీ క్లిప్పులు పెట్టించాలి మావాడు!"

"ఈసారి అంటే?"

అవతల నవ్వు టక్కున ఆగిపోయింది. "ఏం లేదమ్మా. పొయ్యి మీద ఏదో మాడుతోంది, ఉంటా."

"వదినా, దీపం ముందు కూర్చుని అడుగుతున్నాను. చెప్పండి."

దీపం మాట ఎత్తితే వదినకు అబద్ధం పలకదు. కాసేపు నీళ్ళు నమిలి చెప్పింది. "నువ్వు ఆ పరదేశం ఆయనకి ఫోన్ చేసిన రోజు పొద్దున నేను మీ పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను కదమ్మా. వీడు పరిగెత్తుకొచ్చాడు. తాడు మీద క్లిప్పు పీకి ముక్కుకు పెట్టుకుని నీళ్ళ డ్రమ్ము వెనకాల చతికిలబడ్డాడు. నా కొత్త లంగా బురదలో పడింది. అరవబోతే నోటి మీద వేలేసి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. మొహం చూడాలి, వంకాయే! పంటి నొప్పేమో అనుకున్నానమ్మా, నువ్వు స్వామిని అడుగుతున్నావని నాకేం తెలుసు? తర్వాత తెలిశాక ఎందుకు చెప్పడంలే అని..."

టైలరమ్మకు మిగతాది వినపడలేదు. చెవుల్లో దూది లేకుండానే.

సాయంత్రం మేస్త్రి ఒళ్ళంతా చెక్కపొట్టుతో, ఈలవేసుకుంటూ వచ్చేసరికి గది మధ్యలో పెద్ద సూట్‌కేసు తెరిచి ఉంది. సగం చీరలు అందులో ఉన్నాయి. పక్కనే నేల మీద టైలరమ్మ కూర్చుని ఉంది. అరచేతిలో బట్టల క్లిప్పు. మేస్త్రి క్లిప్పు చూశాడు, సూట్‌కేసు చూశాడు, ఈల మింగేశాడు.

"అక్క చెప్పిందా?" అన్నాడు.

"చెప్పింది." ఆవిడ క్లిప్పును గుప్పిట్లో నొక్కింది. "నేను స్వామి రమ్మన్నాడని వచ్చానండీ. ఈ క్లిప్పు రమ్మందని కాదు. ఎన్నేళ్ళ కొట్టు అది! నా కత్తెరకు నా చెయ్యి తప్ప తెలీదు. తాళం ఇచ్చేటప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదు? చెప్పినవాడు స్వామి కదా అని. ఇప్పుడొస్తోంది." నిజంగానే వచ్చింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నన్ను మోసం చేశారు. దేవుడి పేరు మీద మోసం చేశారు. రేపు ఆ షాపుకు నేను వెళ్ళను. టికెట్లు తియ్యండి."

మేస్త్రి ఎదురుగా చతికిలబడ్డాడు. తర్వాత, అలవాటు లేని మనిషి బరువు ఎత్తినట్టు, ఒక్కో మాటా ఎత్తి పెట్టాడు.

"తప్పే. కాదనను. తలుపు చెయ్యాలనిపించింది నాకు. రెండేళ్ళు మరలు బిగించాను. మంచి చెక్క వాసన మర్చిపోయాను. చేతులు చచ్చుపడిపోతాయేమోనని రోజూ భయమేసేది." ఆగి, తల దించుకున్నాడు. "నువ్వు అడిగితే చెప్పేవాణ్ణి. నువ్వు నన్ను అడగలేదు. నా ముక్కును అడిగావు."

టైలరమ్మ కొంగు నోట్లోంచి తీసింది. ఆ మాట ఆవిడకు ఎక్కడో గుచ్చుకుంది.

"సరే, అది నా తప్పు. ఇంకొకటి కూడా అడుగుతా, కోప్పడకు" అన్నాడు మేస్త్రి. "ఆ రోజు తెల్లారకముందే వంటింటి కిటికీలు మూసి, ఎండుమిరపకాయలు ఎందుకు దంచావు? మన కారం ఎప్పుడూ మిల్లులోనే కదా ఆడిస్తావు?"

అదీ రోకలి సంగతి. టైలరమ్మ కళ్ళు సూట్‌కేసు మీద నుంచి క్లిప్పు మీదికి, క్లిప్పు మీద నుంచి పటం మీదికి వెళ్ళి, అక్కడ నిలబడలేక నేల మీదికి దిగాయి.

"నాకు రావాలని లేదు" అంది చివరికి, పిల్లలా. "మిమ్మల్ని వద్దనలేను. స్వామి చేత అనిపిద్దామనుకున్నాను."

"అనుకున్నాను అప్పుడే. ఘాటు వీధి దాకా వచ్చింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. పైన ఫిరంగి పేలింది. గిన్నెలు గలగలలాడాయి. ఎవరూ లెక్కపెట్టలేదు.

"అసలు సంగతి ఇప్పుడు చెప్తా విను" అన్నాడు మేస్త్రి. "ఈ క్లిప్పు వైద్యం నేను ఆ రోజే కనిపెట్టలేదు. నువ్వు కొట్టు తెరిచిన రోజు పెట్టుకున్నాను, ఎగిరి పక్కింటి వాళ్ళ పెరట్లో పడింది. నువ్వు వెనక్కి వచ్చి నీళ్ళు తాగావు. మిషన్ కొన్న రోజు పెట్టుకున్నాను, వెళ్ళి అద్దానికి తగిలింది. అద్దం పిల్లి పగలగొట్టిందని నీకు చెప్పాను, పిల్లికి పాపం ఏమీ తెలీదు. నా తుమ్మును ఆపగలిగిన క్లిప్పు ఇంతవరకూ పుట్టలేదు. అలాంటిది ఆ రోజు, అంత మిరపఘాటులో, ఆగింది. వచ్చింది, సగం దూరం వచ్చింది, ఎవరో వెనక నుంచి పిలిచినట్టు తిరిగి వెళ్ళిపోయింది. క్లిప్పు ఊరికే వేలాడుతోంది. నేను ఆపలేదు. నాకు తెలుసు. అది చెప్పాలంటే క్లిప్పు సంగతి కూడా చెప్పాలి. అందుకని నోరు మూసుకున్నా."

"మళ్ళీ చెవిలో పువ్వులు పెడుతున్నారా?"

"నువ్వే చూడు."

టైలరమ్మ లేచింది. ఏడుపు మొహంతోనే వంటింట్లోకి వెళ్ళి, మిరపకాయల పొట్లం, చిన్న రోలు తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టి, కసిదీరా దంచింది. మేస్త్రి క్లిప్పు పెట్టుకుని, పైన రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని, వీరుడిలా కూర్చున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. మీసం నిక్కబొడుచుకుంది. తర్వాత జరిగింది పైవాటాకు కూడా తెలిసింది. క్లిప్పు దీపం పక్కనుంచి దూసుకెళ్ళి, కిటికీకి తగిలి, సూట్‌కేసులో చీరల మధ్య పడింది. మేస్త్రి వెల్లకిలా పడ్డాడు. పైనుంచి ఫిరంగి గొంతు నేల గుండా వినపడింది, కార్ఖానా వాళ్ళనే ఆ దీవెన మాటే కాబోలు.

"ఇంకోసారి" అంది టైలరమ్మ. ఇంకోసారీ అంతే. ఈసారి క్లిప్పు రెండు ముక్కలైంది. పై నుంచి మళ్ళీ దీవెన వచ్చింది. ఘాటుకు ఆవిడకు కూడా తుమ్ము వచ్చేసింది, దాంతో పాటు నవ్వు కూడా వచ్చేసింది. ఈ దేశం వచ్చాక ఆవిడ అంతలా నవ్వడం అదే మొదలు. నవ్వుతూ, ఆ కారం చేతులతోనే కళ్ళు తుడుచుకోవడం వల్ల మంట పుట్టి, మళ్ళీ ఏడ్చింది.

మొహం కడుక్కుని వచ్చి పటం ముందు కూర్చుంది. దణ్ణం పెట్టలేదు, తగువుకే కూర్చుంది. "అంటే మా ఇద్దరి దొంగతనాలూ చూస్తూ కూర్చున్నావా అక్కడ? నేను నీ నోటితో వద్దనిపించాలని చూశాను. ఈయన నీ నోరు నొక్కేద్దామని చూశాడు. నిన్ను అడిగినవాళ్ళం ఒక్కళ్ళమూ లేము. నా మిరపకాయలూ పోను, ఈయన క్లిప్పూ పోను, ఆ పూట మిగిలింది నువ్వే కదయ్యా. చెప్పొద్దూ? ఒక్క మాట చెప్తే నేను ఇన్ని నీళ్ళు తాగేదాన్ని కాదు కదా!"

స్వామి ఏమీ అనలేదు. దీపం నిలకడగా వెలుగుతోంది. మేస్త్రి వెనక నుంచి మెల్లగా అడిగాడు, "మరి రేపటికి ఏం గుర్తు పెట్టుకుంటావ్?"

"ఏ గుర్తూ వద్దు." ఆవిడ లేచి సూట్‌కేసులో చీరలు ఒక్కొక్కటే తీసి దులిపింది. "ఇంత దూరం తెచ్చినవాడు మూలమీది షాపు దాకా రాడా? వస్తాడు. నేను కూడా నడవాలి, అంతే."

చెప్పడం తేలికే. తెల్లారి గడప దగ్గర నిలబడ్డాక అసలు సంగతి తెలిసింది. మంచి చీర కట్టింది, సూదుల డబ్బీ చేతిలో ఉంది, ఒక కాలు చెప్పులో పెట్టింది. వెనక ఏదో వింత చప్పుడైతే తిరిగి చూసింది. మేస్త్రి రెండు చేతులతో ముక్కూ నోరూ కలిపి మూసుకుని, గోడకు ఆనుకుని మెలికలు తిరుగుతున్నాడు. మొహం వదిన చెప్పిన వంకాయే. కళ్ళలోంచి నీళ్ళు ధారలు కడుతున్నాయి.

"ఏం చేస్తున్నారు? వదిలెయ్యండి!"

ఆయన వదలనని తల అడ్డంగా ఊపాడు. వెళ్ళు వెళ్ళు అని మోచేత్తో సైగ చేశాడు.

టైలరమ్మ గుండె కరిగి నీరైంది. ఇన్నేళ్ళుగా ఈ మనిషి తన ప్రతి ప్రయాణానికీ ఇలా పెరట్లో, డ్రమ్ముల వెనక, తలుపుల చాటున గింజుకుంటున్నాడన్నమాట. తను అటు వీధిలోకి చెవులు పెట్టుకుని స్వామి మాట కోసం వింటూ నిలబడింది గానీ, వెనక్కి తిరిగి ఒక్కసారి కూడా చూడలేదు.

"వదలమంటున్నానా, పేలిపోతారు" అంది.

వదిలాడు. ఒక్కటే తుమ్ము. ఇల్లు అదిరింది. ఆవిడ కాలు అలవాటు కొద్దీ గాల్లోనే ఆగిపోయింది. రెండోది వస్తుందేమోనని ఇద్దరూ ఒక క్షణం ఎదురుచూశారు. రాలేదు. ఎందుకో ఆవిడకు అమ్మమ్మ గుర్తొచ్చింది. ఈ చట్టమంతా నేర్పిన ఆ అమ్మమ్మే, ఉయ్యాల్లో పసిపిల్ల తుమ్మితే నెత్తి మీద చెయ్యి పెట్టి "చిరంజీవ" అనేది. అప్పుడు ఎవరూ ఆగేవాళ్ళు కాదు, నీళ్ళూ తాగేవాళ్ళు కాదు. మరి తనకు ఆ సగం ఎందుకు గుర్తు లేకుండా పోయింది?

చెప్పు వదిలి వెనక్కి వచ్చింది. మేస్త్రి నీళ్ళ గ్లాసు అందివ్వబోయాడు. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, చెక్కపొట్టు అంటిన ఆయన జుట్టు మీద చెయ్యి పెట్టింది.

"నూరేళ్ళు" అంది. అని, చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

పైన ఫిరంగి పేలాడు. "మీకు కూడా నూరేళ్ళండీ!" అని దిగుతూనే పైకి అరిచింది. వీధిలో కుక్క ఆవిడ తుమ్మింది. "నూరేళ్ళు తల్లీ." పోస్టు మనిషి వరసపెట్టి తుమ్మాడు. "మీరయితే నూరు దాటి పోతారు" అంది ఆగకుండానే. షాపు తలుపు తోసేసరికి షాపావిడ గోడ గడియారం కేసి చూస్తూ, మెడలో టేపు సర్దుకుంటోంది. బల్ల మీద అంచు చినిగిన తెల్ల పెళ్ళిగౌను పరిచి ఉంది.

టైలరమ్మ షాపు గడప దాటింది. ఆ గౌను మీది పొడికో, చీరకు అంటుకొచ్చిన పుప్పొడికో, సరిగ్గా అప్పుడే ఆవిడకే తుమ్ము వచ్చింది. పెద్దది. ఒక్కటి.

షాపావిడ కళ్ళద్దాలు కిందికి దించి ఆవిడ కేసి చూసింది. ఫోన్ తీయకుండా, ఆ ఊరి భాషలో ఆ మాట అంది. దీవెన మాట.

"సరే స్వామీ, విన్నాను" అంది టైలరమ్మ. కుర్చీ లాక్కుని కూర్చుని, తెల్లదారం ఇమ్మని చెయ్యి చాపింది.